ద్రాక్షతోటలో విడిది



ఈ వేళ మీతో ఒక కొత్తరకం విడిదిని గురించి మాట్లాడాలనుకుంటున్నాను. యాత్రలకి వెళితే సత్రంలోనో, దేవస్థానం వారి గదుల్లోనో దిగుతాం. బస్తీకి వెళితే చుట్టాల ఇంట్లో దిగుతాం. అదీ కాకపోతే స్టేషను దగ్గర ఏదో ఒక హోటలు. కాని ద్రాక్షతోట మధ్యలో కట్టిన హోటల్లో దిగి, తెల్లవారి లేచి తలుపు తీస్తే గుమ్మం ముందునుంచే తీగల వరసలు కనిపించే చోట రెండు రోజులు గడపడం మనలో చాలామందికి అలవాటు లేని సంగతి. ఫ్రాన్సు, ఇటలీ, కాలిఫోర్నియాలలో ఇది పాతముచ్చటే. మన దేశంలో మాత్రం ఈ పాతికేళ్ళలో వచ్చినదే.

"ద్రాక్షతోట వరకూ బాగానే వుంది. అక్కడ తయారుచేసేది వైనే కదా! సంసారపక్షంగా బతికేవాళ్ళం, మనకెందుకమ్మా ఆ గొడవ?" అని మీలో కొందరు అప్పుడే అనుకుని వుంటారు. అనుకోవడంలో తప్పులేదు. మన ఊళ్ళలో "వైన్ షాపు" అని బోర్డు కట్టిన కొట్టు చూడండి. అందులో బ్రాందీ, విస్కీ, బీరు సీసాలే బారులు తీరి వుంటాయి. పేరులో వున్న వైను ఏ మూలనో ఒకటి రెండు సీసాలు వుంటే వున్నట్టు. అందువల్ల వైన్ అనే మాట చెవిని పడగానే మనకి సందు మొగలో ఆ కొట్టూ, దాని ముందు గుంపూ, ఆ పక్కనుంచి నడవడానికి జంకే ఆడపిల్లలూ గుర్తుకొస్తారు. ద్రాక్షతోట గుర్తుకురాదు.

కాబట్టి ముందే ఒక మాట చెప్పేస్తాను. నేను మిమ్మల్ని తాగమని చెప్పడానికి రాలేదు. ద్రాక్షతోటలో విడిది చేయడమంటే ముఖ్యంగా ఒక రైతు పొలంలో విడిది చేయడం. ఒక పంట ఎలా పండుతుందో, అది చేతులు మారి ఏమవుతుందో దగ్గరనుంచి చూడటం. తాగడం, తాగకపోవడం మన ఇష్టం. ఆ ఇష్టాన్ని మన చేతిలోనే వుంచుకుని ఎలా వెళ్ళిరావాలో, వెళితే ఏం చూడాలో చెబుతాను.

మనకు దగ్గరలో ఇందుకు పేరుపడ్డ చోటు మహారాష్ట్రలోని నాసిక్. బెంగుళూరు వైపు వుండే తెలుగువారికి నందికొండల దగ్గర కూడా ఇలాంటి తోటలు వున్నాయి. కాని హోటళ్ళూ, తోటలూ, చూడవలసిన చోట్లూ ఒకేచోట కలిసివచ్చేది నాసిక్‌లోనే. సికింద్రాబాదు నుంచి దేవగిరి ఎక్స్‌ప్రెస్ ఎక్కితే నాసిక్‌రోడ్ స్టేషనులో దిగవచ్చు. ఊరు అక్కడికి కొంచెం దూరం. సముద్రమట్టానికి సుమారు 600 మీటర్ల ఎత్తున వుండటం వల్ల చలికాలం రాత్రిళ్ళు గట్టి చలి వుంటుంది. పగలు ఎండ, రాత్రి చలి - ఈ తేడాయే ద్రాక్షకి మేలు చేస్తుందంటారు. రాత్రి చల్లగా వుంటే పండులో పులుపు పూర్తిగా పోకుండా నిలుస్తుంది.

నాసిక్‌లో వైను పుట్టకముందే ద్రాక్ష వుంది. మనం బజారులో కొనుక్కునే గింజలేని పచ్చద్రాక్ష చాలావరకు అటునుంచి వచ్చేదే. మన హైదరాబాదూ ఒకప్పుడు ద్రాక్షకి తక్కువ తినలేదు. ఊరి చుట్టూ అనాబ్-ఎ-షాహీ పందిళ్ళు వుండేవి. ఊరు పెరిగి ఆ తోటలన్నీ ఇళ్ళస్థలాలైపోయాయి. నాసిక్‌లో తోటలు నిలిచాయి. 1999లో రాజీవ్ సామంత్ అనే ఆయన అమెరికాలో చదువూ ఉద్యోగమూ చూసుకుని తిరిగివచ్చి, ఇక్కడ సొంత భూమిలో సులా అనే పేరుతో వైనరీ పెట్టాడు. 2000లో మొదటి సీసాలు బయటకి వచ్చాయి. 2001లో మహారాష్ట్ర ప్రభుత్వం ద్రాక్షనుంచి వైను తయారుచేసే వారికి ప్రోత్సాహమిస్తూ ఒక విధానం ప్రకటించింది. తరవాత ఒకరిని చూసి ఒకరు పెట్టారు. చూడవచ్చినవాళ్ళు సాయంత్రానికి తిరిగి వెళ్ళలేక ఇబ్బంది పడుతుంటే తోటల్లోనే గదులు కట్టారు. అలా వచ్చినవే ఈ హోటళ్ళు.

ఇంకో సంగతి. ఈ తోటల్లో కొన్ని గంగాపూర్ జలాశయం పరిసరాల్లో వున్నాయి. అది ఏ నది మీది జలాశయమనుకున్నారు? మన గోదావరే! నాసిక్‌కి సుమారు 30 కిలోమీటర్ల దూరంలో త్ర్యంబకం దగ్గర బ్రహ్మగిరిలో పుట్టి, ఇక్కడ ఆనకట్ట వెనక కాసేపు ఆగి, నాసిక్ పంచవటిని ఒరుసుకుని బయలుదేరుతుంది. మొత్తం 1465 కిలోమీటర్ల ప్రయాణం. బాసర, భద్రాచలం, రాజమండ్రి దాటి సముద్రంలో కలుస్తుంది. రాజమండ్రిలో అవతలి ఒడ్డు ఆనని గోదావరిని చూసి పెరిగినవాళ్ళకి ఇక్కడ ఇంత సన్నటి గోదావరిని చూస్తే, అత్తవారింట్లో పెద్దరికం చేస్తున్న ఆడపడుచు చిన్ననాటి ఫోటో చూసినట్టుంటుంది.

సరే, ఎప్పుడు వెళ్ళాలి? ఇది తెలియక వెళ్ళి, "ద్రాక్షతోట అన్నారు, ఒక్క గుత్తీ లేదేం?" అని నిరుత్సాహపడేవారు చాలామంది. చలిదేశాల్లో ద్రాక్షతీగ శీతాకాలం ఆకు రాల్చి నిద్రపోతుంది. మన దేశపు వేడిలో దానికి ఆ నిద్ర రాదు. అందుకని మన రైతులు సంవత్సరానికి రెండుసార్లు కత్తిరింపులు చేస్తారు. కోత అయ్యాక వేసవిలో, ఏప్రిల్ ప్రాంతంలో ఒకసారి. అప్పుడు వచ్చే కొమ్మలు బలం పుంజుకోవడానికి. మళ్ళీ సెప్టెంబరు, అక్టోబరు నెలల్లో ఇంకోసారి. అప్పుడు వచ్చే చిగుళ్ళతోనే పూత, కాత. రెండు కత్తిరింపులు, ఒకటే పంట. వైనుద్రాక్ష కోతలు జనవరిలో మొదలై మార్చిదాకా సాగుతాయి. గుత్తులు చూడాలంటే ఆ రోజుల్లోనే వెళ్ళాలి. వానాకాలంలో వెళితే పండ్లుండవు గాని ఆకుపచ్చని తీగలూ, ఇగత్‌పురి వైపు కొండలమీద జలపాతాలూ కన్నులపండుగగా వుంటాయి. కత్తిరింపులైన వెంటనే వెళితే మాత్రం ఎండు కర్రలే మిగులుతాయి సుమండీ.

తోటలోకి అడుగుపెడితే మొదట ఆశ్చర్యం కలిగించేది, పందిళ్ళు లేకపోవడం. తినే ద్రాక్షకి తలమీదుగా పందిరి వేస్తారు. వైనుద్రాక్షని చాలాచోట్ల తీగలు కట్టి దడిలాగా నిలువుగా పెంచుతారు. గుత్తులు నడుమెత్తులో వేలాడుతాయి. పండ్లు చిన్నవి, తోలు మందం, గింజలు పెద్దవి. ఒకటి నోట్లో వేసుకుంటే తీపి బాగానే వుంటుంది గాని మనం బల్లమీద పెట్టుకుని తినే రకం కాదు. కొన్ని తోటల్లో వరసల చివర గులాబీమొక్కలు కూడా వుంటాయి. అందంకోసమే కాదు. బూడిద తెగులు గులాబీకి ముందుగా కనిపిస్తుందనీ, దాన్ని చూసి రైతు జాగ్రత్తపడవచ్చనీ యూరపులో పాతకాలం నుంచీ వున్న అలవాటు అది.

కోతల రోజుల్లో విడిది చేస్తే తెల్లవారుజామునే లేవండి. ఎండెక్కితే పండు వేడెక్కి రసం పాడవుతుందని చల్లగా వుండగానే కోస్తారు. చేతిలో చిన్న కత్తెర, పక్కన ప్లాస్టిక్ బుట్ట. కోసేవాళ్ళలో ఆడవాళ్ళు చాలామంది వుంటారు. పేఠ్, సుర్గాణా లాంటి కొండ తాలూకాల నుంచి ద్రాక్ష పనులకోసం ఇటువైపు కుటుంబాలతో వలస వస్తారు. కత్తిరింపులు, గుత్తులు సవరించడం, కోత - సంవత్సరం పొడుగునా ఈ తోటల్ని నడిపేది ఆ చేతులే. ఒక సీసా వైనుకి కిలోకి పైగా ద్రాక్ష కావాలి. మనం గది వరండాలో శాలువా కప్పుకుని చూస్తుంటే అందమైన దృశ్యంలాగా వుంటుంది. వాళ్ళకది దినకూలీ. ఫోటో తీయాలనుకుంటే అడిగి తీయండి. పలకరిస్తే నవ్వుతూ రెండు మాటలు చెబుతారు. భాష రాకపోయినా "ఎంతమంది పిల్లలు?" అనే ప్రశ్న ఆడవాళ్ళ మధ్య ఎక్కడైనా అర్థమవుతుంది.

తరవాత వైనరీ చూపిస్తారు. ఒక అరగంట, ముప్పావుగంట తిప్పుతారు. అక్కడ చెప్పేదంతా ఏదో రసాయనశాస్త్రమని భయపడకండి. వంటింట్లో మనకి తెలిసిన విద్యే. రాత్రి రుబ్బిపెట్టిన ఇడ్లీపిండి తెల్లారేసరికి గిన్నె అంచుదాకా పొంగుతుంది కదా! ద్రాక్షరసం పులియడమూ అటువంటిదే. ఈస్ట్ అనే సూక్ష్మజీవి రసంలోని చక్కెరని తిని ఆల్కహాలునీ, బొగ్గుపులుసు గాలినీ వదులుతుంది. వేసవిలో పిండి తొందరగా పులిసి ఘాటెక్కుతుందని మనం జాగ్రత్తపడతాం. వాళ్ళూ అంతే. అందుకే అంతంత స్టీలు ట్యాంకుల చుట్టూ చల్లదనం తిప్పుతూ వుంటారు.

ఎర్రవైను ఎర్రద్రాక్ష రసంవల్ల ఎర్రబడుతుందని అనుకుంటాం. కాదు. నల్లద్రాక్ష ఒకటి తోలు ఒలిచి చూడండి, లోపల రసం చాలావరకు నీళ్ళలాగే వుంటుంది. రంగంతా తోలులోనే. తోలుతో సహా పులియబెడితే ఎర్రవైను, తోలు తీసేసి రసాన్నే పులియబెడితే తెల్లవైను. కొన్నింటిని ఓక్ చెక్కతో చేసిన పీపాల్లో నెలల తరబడి వుంచుతారు. ఆ పీపాలగది చల్లగా, చీకటిగా, మన పాత ఇళ్ళల్లో ఊరగాయ జాడీలు పెట్టే కొట్టుగదిలాగా వుంటుంది.

బుడగలొచ్చే వైను తయారుచేసే చోట, సీసాలని తలకిందులుగా గుచ్చిపెట్టిన చెక్కబల్లలు కనిపించవచ్చు. దానివెనక ఒక ఆడదాని కథ వుంది. ఫ్రాన్సులో బార్బ్ నికోల్ క్లికో అనే ఆమెకు 1805లో, 27 ఏళ్ళ వయసులో భర్త పోయాడు. ఆ రోజుల్లో పుట్టింటికో, మూలకో చేరవలసిన మనిషి వ్యాపారం తానే చేతిలోకి తీసుకుంది. సీసా అడుగున పేరుకునే మడ్డిని ఎలా తీయాలా అని అందరూ తలపట్టుకుంటుంటే, బల్లకి కంతలు పెట్టి సీసాలని వంచి, రోజూ కొంచెం కొంచెం తిప్పుతూ మడ్డిని మూతి దగ్గరకి చేర్చే ఉపాయం ఆమె వైనరీలోనే రూపుదిద్దుకుందని చెబుతారు. ఆ సంస్థ పేరులో ఇప్పటికీ "విధవ" అని అర్థమిచ్చే ఫ్రెంచి మాట వుంది. మనవాళ్ళు శుభకార్యాల్లో పక్కకి తప్పుకోమనే మాటని, అక్కడ సీసామీద గర్వంగా అచ్చువేసుకున్నారు!

వైనరీ చూశాక రుచిచూసే గదికి తీసుకెళతారు. అసలు చిక్కు ఇక్కడే. బల్లమీద నాలుగైదు గ్లాసులు పెట్టి ఒక్కొక్కదాంట్లో కొద్దికొద్దిగా పోస్తారు. రంగు చూడమంటారు, వాసన చూడమంటారు, ఆ తరవాత నాలికకి తగిలించమంటారు. పక్కనే ఒక పాత్ర వుంటుంది. నోట్లో పోసుకున్నది మింగకుండా అందులో ఉమ్మేయవచ్చు. మన ఇళ్ళల్లో అయితే "అదేం పనే!" అని చీవాట్లు పడతాయి గాని ఈ వృత్తిలో వున్నవాళ్ళందరూ చేసేది అదే. అది అక్కడ మర్యాద లోపం కాదు. అసలు వద్దనుకుంటే, "నాకొద్దు" అనండి, చాలు. కారణం చెప్పనక్కరలేదు. వాసన చూసి గ్లాసు పక్కన పెట్టినా ఎవరూ ఏమీ అనుకోరు.

కొన్ని విషయాలు మాత్రం తెలిసి వుండాలి. వైనులో మామూలుగా నూటికి 12 నుంచి 14 పాళ్ళు ఆల్కహాలు వుంటుంది. కొంచెమే కదా అనుకుంటాం గాని, 30 మిల్లీలీటర్ల చొప్పున అయిదు రకాలు రుచి చూస్తే 150 మిల్లీలీటర్లు, అంటే ఒక నిండు గ్లాసు తాగినట్టే. "వైను గుండెకి మంచిదట" అని ఒకప్పుడు పత్రికల్లో తెగ వచ్చేది. ఇప్పుడు డాక్టర్లు ఆ మాట అనడంలేదు. ఇంత తాగితే ఆరోగ్యానికి హాని లేదు అని చెప్పగలిగిన మోతాదంటూ ఏదీ లేదని 2023లో ప్రపంచ ఆరోగ్య సంస్థ స్పష్టంగా చెప్పింది. ఆడవాళ్ళలో రొమ్ము క్యాన్సరుకి గల కారణాల్లో ఆల్కహాలు ఒకటి. గర్భిణులూ, పాలిచ్చే తల్లులూ, నిద్రమాత్రలు, చక్కెరజబ్బు, రక్తపోటు మందులు వాడేవారూ దాని జోలికి పోకపోవడమే మంచిది. కారు నడిపేవాళ్ళు ఒక్క గుక్క కూడా ముట్టకూడదు. తోటలోనే గది తీసుకోవడంలో వున్న పెద్ద లాభమూ ఇదే - రాత్రి ఎవరూ బండి తోలవలసిన పని వుండదు.

ఇదంతా విని, "ఇన్ని జాగ్రత్తలు చెప్పి మళ్ళీ వెళ్ళమంటారేం?" అంటారేమో. చెబుతాను.

మనం తెలుగు ఆడవాళ్ళం. సారా ఏం చేస్తుందో మనకి ఎవరూ పాఠం చెప్పనక్కరలేదు. 1992లో నెల్లూరుజిల్లా దూబగుంటలో, అక్షరాలు దిద్దుకోవడానికి రాత్రిబడికి వచ్చిన కూలి ఆడవాళ్ళు తమ ఊరి సారాకొట్టు మూయించారు. ఆ కథ చదువుల పుస్తకంలో పాఠమైంది. అది చదివి ఊరూరా ఆడవాళ్ళు లేచారు. 1993 అక్టోబరు 1 నుంచి రాష్ట్రమంతటా సారా నిషేధించారు. 1995లో సంపూర్ణ మద్యనిషేధం వచ్చింది, 1997లో సడలించారు. ఆ తరవాత సంగతి మీకు తెలిసిందే. మొగుడి కూలి డబ్బులు ఇంటికి చేరకముందే కొట్టులో కరిగిపోవడం ఎలా వుంటుందో అనుభవించిన ఇళ్ళు మన చుట్టూనే వున్నాయి. మన ఇంట్లో పనిచేసే మనిషిని అడిగితే చెబుతుంది. ఆ జ్ఞాపకాన్ని ఇంటి దగ్గర వదిలిపెట్టి నాసిక్ వెళ్ళమని నేను అనను. మనతోనే తీసుకెళ్ళాలి.

ఎందుకంటే ఈ రోజుల్లో మన పిల్లలు ఉద్యోగాలకి పుణే, బెంగుళూరు, అమెరికా వెళుతున్నారు. అక్కడ స్నేహితులతో ఇలాంటి చోట్లకి వెళ్ళనే వెళతారు. మనకి చెప్పకుండా వెళ్ళేకంటే, ఒకసారి మనతో కలిసి వెళ్ళి, ఆ బల్లముందు కూర్చున్నప్పుడు అమ్మ నెమ్మదిగా "నాకొద్దు" అనడమో, లేదా ఒక్క చుక్క రుచి చూసి గ్లాసు పక్కన పెట్టడమో కళ్ళారా చూడటం మంచిదని నాకనిపిస్తుంది. కుతూహలానికీ అలవాటుకీ మధ్య గీత ఎక్కడుందో ఉపన్యాసంవల్ల తెలియదు, చూస్తేనే తెలుస్తుంది. అలాగే మీవారో, అల్లుడుగారో "ఒక్కసారికేం కాదు, తాగు" అని బలవంతం చేస్తే వినవలసిన అవసరం మీకు లేదు. "ఆడది, తనకెందుకూ" అని మీ గ్లాసు పక్కకి నెట్టేస్తే ఊరుకోవలసిన అవసరమూ లేదు. రెండూ ఒకటే - మన నిర్ణయం ఇంకొకరు చేయడం.

ఇక హోటలు సంగతులు. గది తీసుకునే ముందు ఫోనులో నాలుగు ప్రశ్నలు అడగండి. గది నిజంగా తోటలోనే వుందా, లేక రోడ్డు పక్కన వుండి తోటకి బండిలో వెళ్ళాలా? శాకాహారం విడిగా వండుతారా? పిల్లల్ని రుచిగదిలోకి రానిస్తారా, లేకపోతే వాళ్ళకి వేరే కాలక్షేపం వుందా? రాత్రి పాటకచేరీలూ, పార్టీలూ వుంటాయా? శని, ఆదివారాలు ముంబై, పుణేల నుంచి కుర్రకారు వచ్చిపడతారు. సందడికి సందడి, అద్దెకి అద్దె. అదే సోమవారం నుంచి గురువారం మధ్యలో వెళితే నెమ్మదిగానూ వుంటుంది, మామూలుగా ఖర్చూ తగ్గుతుంది. గాంధీజయంతి వంటి రోజుల్లో రుచి చూపించడం వుండదు. తాగనివాళ్ళకి ఆ రోజుల్లో వెళ్ళడం ఇంకా హాయి! 2027లో మాత్రం సింహస్థ కుంభమేళా జనం వస్తారు. బృహస్పతి సింహరాశిలో వున్నప్పుడే మన గోదావరి పుష్కరాలూ, వాళ్ళ కుంభమేళా కూడా. అప్పుడు గది దొరకడం కష్టం.

భోజనానికి లోటు వుండదు. నాసిక్ మిసళ్ తిని తీరాలి, కారం మనవాళ్ళకి సరిపోతుంది. కాఫీ విషయంలో మాత్రం ఆశలు పెట్టుకోకండి. అటువైపంతా టీ రాజ్యం. మంచి కాఫీపొడి ఒక పొట్లం సంచిలో వేసుకోండి. చలికాలమైతే శాలువాలు, మట్టిలో నడవడానికి బూట్లో, గట్టి చెప్పులో మరిచిపోవద్దు.

త్ర్యంబకేశ్వరం, పంచవటి ఎలాగూ చూస్తారు. దర్శనాలు ముందు పూర్తిచేసుకుని, ఆ తరవాత తోటకి వెళ్ళడం మంచిది. పెద్దవాళ్ళ మనసులో ఏ శంకా వుండదు. అత్తగారు "నేనా హోటలుకి రాను" అంటే బలవంతపెట్టకండి. తోట చూడటానికి పగలు తీసుకువెళ్ళి, గుత్తులు చూపిస్తే ఆవిడే రెండు గంటలు కదలరు. తిరిగి వచ్చేటప్పుడు సీసాలు కొనాలనుకుంటే ఒక్కొక్క రాష్ట్రానిది ఒక్కొక్క నిబంధన. ముందు తెలుసుకోండి. నన్నడిగితే నాసిక్ కిస్‌మిస్ కొనుక్కురండి. చక్రపొంగలిలోకీ పనికొస్తుంది, చుట్టుపక్కల పంచిపెట్టడానికీ బాగుంటుంది.

ఏడాది పొడుగునా ఇంటిల్లిపాదికీ అమర్చిపెట్టే మనకి, రెండు పూటలు ఎవరో వండి వడ్డించే చోట, తీగల మధ్య నడుస్తూ, సూర్యుడు గోదావరి నీళ్ళలో దిగిపోవడం చూస్తూ గడిపే హక్కు వుంది. దానికి వైను తాగనక్కరలేదు, వైనంటే భయపడనూ అక్కరలేదు. ఏది కావాలో, ఏది వద్దో తెలిసిన మనిషికి ఏ విడిదిలోనైనా గౌరవం తక్కువ కాదు.